వేలెడు వదులు

“లోపలికెళ్ళాక ఆ రెండు మందులూ ఒకదాన్నొకటి కొట్టుకుంటే?” అంది ఆమె. పైకే అంది. సిస్టరు ఇంకా సెలైను సంచీ కొక్కేనికి తగిలించను కూడా లేదు. అనేశాక నాలుక కరుచుకుంది. కొడుకు కళ్ళు తెరవకుండానే వాలుకుర్చీ చేతి మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. ఒకసారి తడితే ఊఁ అని, రెండుసార్లు తడితే ఇక ఆపమని, మూడుసార్లయితే దయచేసి కాసేపు బయట తిరిగి రమ్మని. వాడి మాట ఆగిపోయాక ఇంట్లో వాడుకలోకి వచ్చిన భాష అది. పూర్తిగా కొత్తదేం కాదు. కారు నేర్పేటప్పుడు డాష్‌బోర్డు మీద ఇలాగే తట్టేవాడట, ఒకటైతే నెమ్మది, రెండైతే ఆపు, మూడోది కొట్టాల్సి వచ్చిందంటే ఆ నేర్చుకునే మనిషి వేరే మాస్టారిని చూసుకోవాలి.

“ఇది వట్టి సెలైనమ్మా, ఇందులో ఏ మందూ లేదు,” అంది సిస్టరు, చుక్కలు పడే చక్రాన్ని తిప్పుతూ. “పెద్ద డాక్టరుగారు స్కాను చూస్తున్నారు. పాత మందులే పనిచేస్తున్నాయంటే అవే తెస్తాం, లేదంటే మారుస్తాం. అవి లోపల కొట్టుకుంటాయో లేదో గానీ, ముందు మీరు గుండెలు బాదుకోకుండా కూర్చోండి.”

కూర్చుంది. కూర్చోక చేసేదేముంది. కోడలు స్కాను కవరు చంకన పెట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్ళింది, వెళ్తూ వెళ్తూ, మీరూ రండి అత్తయ్యా, ఇద్దరం విందాం అని చెయ్యి పట్టుకుంది కూడా. నేను రానమ్మాయ్, నాకు ఆ మాటలు అర్థం కావు, నువ్వే విను అని విడిపించుకుంది. అర్థం కాకపోవడమేమిటి, ఏడో తరగతితో ఆగిన చదువైనా పెరిగిందీ తరిగిందీ అన్న రెండు ముక్కలు అర్థం కావా? అర్థమవుతాయనే భయం. అసలు ఆ స్కాను చెప్పబోయేది ఆమెకు ముందే తెలుసు, చేతిసంచీలో, దారాల రూపంలో, కుట్టుమిషను ఖాళీ బాబిన్‌కి చుట్టి ఉంది. ఎవరికీ చెప్పలేదు, కోడలికీ చెప్పలేదు. చెప్తే మాత్రం ఏమవుతుంది, ఇంకో మనిషికి కూడా నిద్ర కరువవుతుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె జీవితమంతా ఆ మాటలో మొదటి సగం శ్రద్ధగా పాటించింది, రెండో సగం దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ ఏదో ఒక పని పడేది.

గది నిండా వాలుకుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు, స్టాండుకొక డబ్బా, అది ఉండుండి కూతపెడుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ కూతకి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి, సిస్టర్, సిస్టర్ అంటూ నడవా చివరిదాకా పరుగెత్తింది. సంచీ ఖాళీ అయిందని చెప్తోందమ్మా అంతే, అన్నారు. కిటికీ అవతల గోడమీద ఎండ మెల్లిగా దిగుతోంది. మందుల గది తలుపుకి గుండ్రటి అద్దం. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె చూపు అటు పోతోంది. చిన్న సంచీ వస్తే పాత మందు, అంటే పనిచేస్తున్నట్టు. చిన్న సంచీ రాకుండా ఇంకేదైనా వస్తే, లేక ఏదీ రాకుండా డాక్టరే చేతులు వెనక్కి కట్టుకుని నడిచొస్తే… తలుపు తెరుచుకుంది. తుడిచే ఆవిడ బకెట్టుతో వచ్చింది. ఒక బకెట్టుని చూసి ఇంత సంతోషించిన మనిషి ప్రపంచంలో ఇంకొకరుండరు.

కొట్టుకుంటాయన్న మాట బొత్తాల కొట్టాయన పెట్టిన చిచ్చు. గుండీలు కొనడానికి వెళ్తే, అబ్బాయికి ఎలా ఉందమ్మా అన్నాడు. చెప్పింది, రెండు మందులు కలిపి ఇస్తున్నారండీ, ఒకటి కీమో, ఇంకోటి ఒంట్లో శక్తిని లేపేదట. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎక్కించి, కీమో అంటే ఉన్న శక్తిని చంపేది కదా, చంపేదీ లేపేదీ ఒకేసారి ఎలా ఇస్తారు, మా వైపు ఎవరికీ అలా ఇవ్వలేదే అన్నాడు. ఆయన వైపు అంటే ఎటువైపో, ఆయన అమ్మేది బొత్తాలు, అయినా ఆ మాట గుండీలతోపాటు పొట్లంలో ఇంటికొచ్చింది. నిజమే కదా. చిన్న సంచీలోది ఒంట్లో కాపలావాళ్ళని నిద్రలేపుతుంది, పెద్ద సంచీలోది కనబడ్డవాడినల్లా కొడుతుంది. మరి కనబడ్డవాడినల్లా కొట్టేది, ఇప్పుడే లేచి కళ్ళు నులుముకుంటున్న కాపలావాడిని మాత్రం వదులుతుందా? పాము చావాలి, కర్ర విరక్కూడదు. కర్రని చూస్తే విరిగేలాగే ఉంది, ఆ మణికట్టు చూడు, గడియారం పట్టీ మోచేతిదాకా జారిపోతోంది.

నాలుక మొదట్లో ముందు శనగగింజంత అన్నారు. కోశారు, కరెంటు పెట్టారు, మెడ ఎండలో వదిలేసిన తోలులా నల్లబడింది, మళ్ళీ మామూలైంది, పోయిందనుకున్నారు. ఏడాది తిరక్కుండా మెడ ఎడమవైపు నిమ్మకాయంత లేచింది, ఊపిరితిత్తిలో ఒక చుక్క కూడా ఉందన్నారు. మళ్ళీ కొయ్యడం కుదరదన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే ఆమెకి చెవుల్లో గుయ్యిమని, తర్వాత ఆయన అన్నవి సగం వినబడలేదు. వినబడ్డ సగంలో ఒక ముక్క మాత్రం మిగిలింది, ఎందుకంటే ఆ ముక్కకి కొడుకు నవ్వాడు. ఏం చేస్తుంటారు మీరు, అని డాక్టరు అడిగితే డ్రైవింగ్ నేర్పుతానన్నాడు. అప్పటికింకా గరగరగా మాట వచ్చేది. అయితే మీకు తేలికగా అర్థమవుతుంది, మన ఒంట్లో ఇలాంటివాటిని వెంటాడి పట్టుకునే బళ్ళు ఉంటాయి, ఈ గడ్డ తెలివిగా వాటి బ్రేకు మీద కాలేసి కూర్చుంది, బళ్ళు కదలవు, చిన్న సంచీలో మందు ఆ కాలు లాగేస్తుంది, అన్నాడాయన. అలా బ్రేకు మీద కాలేసే గుర్తు మీ గడ్డ ముక్కలో కనిపించింది కాబట్టే ఇస్తున్నాం, అందరికీ కనబడదు. బళ్ళు కదలడానికి టైము పడుతుంది, ఆలోగా గడ్డ పెరక్కుండా పెద్ద సంచీ కొడుతూ ఉంటుంది, అందుకే రెండూ కలిపి. మాటివ్వలేను, ప్రయత్నం గట్టిదే, అన్నాడు. కొడుకు నవ్వి, ఆమె వైపు చూసి, మా అమ్మ కాలు లాంటిదన్నమాట సార్, అన్నాడు. అందరూ నవ్వారు. ఆమెకి కోపమొచ్చింది, తర్వాత ఆ కోపాన్నే ఎన్నోసార్లు తీసి చూసుకుంది, వాడు నవ్వించిన ఆఖరిసారి అదేనేమో అని.

ఎందుకన్నాడో ఆమెకి తెలుసు. నాలుగైదేళ్ళ కిందట, ఒక ఆదివారం, మైదానంలోకి తీసుకెళ్ళి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. వద్దురా, ఈ వయసులో నాకెందుకురా, ఎవరినైనా గుద్దితే? ఇక్కడెవరున్నారమ్మా గుద్దడానికి, గడ్డి తప్ప, అన్నాడు. ఆమె కుడికాలు బ్రేకు మీద పెట్టింది, పెట్టింది పెట్టినట్టే ఉంచింది, పిక్క పట్టేసేంత గట్టిగా తొక్కి ఉంచింది. బండి మూలుగుతోంది, కదలదు. వాడు గొంతెత్తి అరవలేదు, మామూలుగా నేర్పేటప్పుడు వీధి చివరిదాకా వినబడుతుంది వాడి గొంతు. పుట్టినప్పుడు వాడి ఏడుపు విని ఆయా, హారను మింగి పుట్టాడమ్మా నీ కొడుకు అంది, అప్పట్నుంచి ఇంటా బయటా వాడు హారనే, బళ్ళోనూ హారనే, పెళ్ళిలోనూ హారనే. ఆ హారను ఆరోజు మాత్రం మెత్తగా, కాలు తియ్యమ్మా, అన్నాడు. నా పక్కా ఉంది బ్రేకు. వాడి కాళ్ళ దగ్గర చూపించాడు, నిజంగానే ఉంది, నేర్పే బళ్ళకి రెండు పక్కలా ఉంటుందట, భయపడేవాళ్ళందరికీ చెప్పే మాటే అది. తీసింది. బండి ముందుకు పాకింది. మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి, కన్ను ఆర్పకుండా, ఊపిరి పీల్చకుండా నడిపింది. దిగాక వారం రోజులపాటు కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది, ఇక మళ్ళీ ఎక్కలేదు.

ఆ గొంతే. ఒకరోజు రోడ్డు మీద, బ్రేక్, అని అరిచాడట, పక్కన నేర్చుకుంటున్న అమ్మాయికి వినబడలేదట, ఏంటి మాస్టారూ అని వాడి వైపు తిరిగిందట, వాడే తన పక్క బ్రేకు తొక్కి ఆపాడు. ఎవరికీ ఏం కాలేదు. ఇంటికొచ్చి తాళాలు మేకుకి తగిలించాడు. తర్వాత కీమోకి నోరంతా పూసింది, చల్లటి సూపు కూడా చుక్కచుక్కగా మింగేవాడు, మాట పూర్తిగా పోయింది. పుళ్ళు మానాయి. సూపు తాగుతున్నాడు, మెత్తటివి తింటున్నాడు, మాట మాత్రం రాలేదు. రాలేదో, వాడే రానివ్వలేదో. వచ్చే గొంతు ఎలా ఉంటుందో వినాలంటే వాడికీ భయమేమో. తన కడుపున పుట్టినవాడు కదా, భయం ఎక్కడికి పోతుంది.

దారాల సంగతికి వస్తే, అది ఎవరికైనా చెప్తే నవ్వుతారు. టేపులో అంకెలకన్నా దారమే ఆమెకి నమ్మకం. కుట్టు నేర్పిన అక్క అలాగే నేర్పింది, మెడకొక దారం, ఛాతీకొక దారం, అంకె తప్పు చదువుతావు గానీ దారం ఎలా తప్పు చదువుతావే, అనేది. మొదటి సూది వేయించుకుని వచ్చిన మర్నాడు మధ్యాహ్నం వాడు నిద్రపోతుంటే, మిషను మీదున్న తెల్లదారం తెంచుకెళ్ళి మెడ చుట్టూ, గడ్డ మీదుగా, ఊపిరి బిగబట్టి చుట్టి, కలిసిన చోట తెంచింది. రెండో విడత తర్వాత ఆకుపచ్చ దారం. తెల్లదాని పక్కన పెట్టి చూస్తే ఆకుపచ్చది రవ్వంత పొట్టి. ఆ రోజు ఆమె మిషను తొక్కుతూ కూనిరాగం తీసింది, కోడలు వంటింట్లోంచి తొంగి చూసి, ఏంటత్తయ్యా, అంది. ఏం లేదు, అంది. ఆశని పైకి చెప్తే దిష్టి తగులుతుంది. మూడో విడత అయ్యాక, పోయిన వారం, నల్లదారం. మిషను మీద నల్లదే ఉంది, అప్పుడే మనసు కీడు శంకించింది. పక్కపక్కన పెట్టింది. నల్లది ఆకుపచ్చదానికన్నా పొడుగు. తెల్లదానికన్నా కూడా ఒక పిసరు పొడుగు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పొడుగే. మూడూ కలిపి బాబిన్‌కి చుట్టి సంచీ అడుగున వేసింది, వేసిన దగ్గర్నుంచి ఆ సంచీ రాయిలా బరువు.

కొడుకు కదిలాడు. కళ్ళు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. చెయ్యెత్తి చొక్కా కాలరు పట్టుకుని ముందుకు లాగి, అందులోకి వేళ్ళు దూర్చి, కనుబొమలెగరేశాడు. ఎవరి చొక్కా ఇది, మనదేనా, అన్నట్టు. ఆమెకి రోషమొచ్చింది. “ఒరేయ్, నీ కొలతే. మొన్న తీసిన కొలతే. నా కొలత తప్పదు,” అంది. కొత్త చొక్కా అది, నల్లదారం కొలతకే కుట్టింది. మెత్తటి బట్ట, మందెక్కించడానికి కాలరు ఎముక కింద చర్మంలో పెట్టిన బిళ్ళకి సూది గుచ్చడానికి చొక్కా విప్పక్కర్లేకుండా ఆ చోట చిన్న తలుపులా తెరుచుకునే జేబు కూడా పెట్టింది. సిస్టరు చూసి, ఈ ఐడియా ఎవరిదమ్మా, ఇక్కడందరికీ కుట్టిపెట్టండి, అంది కూడా. అంత చూసి కుట్టినది కాలరు దగ్గర ఇలా వేలాడుతోంది. ఒంట్లో కండ కరిగిపోతోంది, మెడ సన్నబడుతోంది, అంతే. కానీ కండ కరిగితే రెండు వైపులా వదులవ్వాలి. ఆమె చూపు కాలరు మీద ఆగింది. వదులంతా ఎడమవైపే ఉంది. గడ్డ ఉన్న వైపు. కుడివైపు కాలరు మెడకి అంటుకుని బుద్ధిగా ఉంది, ఎడమవైపు నోరు తెరుచుకుని ఉంది. మరి పెరిగిన గడ్డ ఎటుపోయినట్టు? కొలత తప్పదు కదా. కొలత పొడుగైంది కదా.

చేతులు ఊరుకోలేక సంచీలో తడిమాయి. బాబిన్ తీశాయి. నల్లదారం విప్పి ఎడమ మణికట్టుకి చుట్టుకోసాగాయి, మిషను దగ్గర ఆలోచన పట్టనప్పుడు చేసే పనే. చుట్టూ తిప్పి బిగించబోతే చూపుడు వేలు అడ్డం వచ్చింది. దారం కిందికి ఎప్పుడు దూరిందో దూరింది, దాని చోటు అదే అన్నట్టు. ఆమె ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది. కుట్టు నేర్పిన అక్క గొంతు, ముప్పై ఏళ్ళ కిందటిది, నెత్తి మీద స్కేలు దెబ్బతో సహా వినబడింది. మెడ కొలిచేటప్పుడు వేలు పెట్టవే మొద్దూ, చొక్కా కుడతావా ఉరితాడు కుడతావా, లోపలున్నది ఊపిరి పీల్చే మనిషే, వేలెడు వదులుండాలి. ఆ దెబ్బ తర్వాత మెడ కొలిచిన ప్రతిసారీ వేలు దానంతటదే దూరింది, పెళ్ళికొడుకుల మెడలకీ, బళ్ళో పిల్లల మెడలకీ, మొన్న స్టూలు మీద కూర్చోబెట్టి, తలెత్తరా, అటు చూడరా అంటూ చొక్కా కోసం వీడిని కొలిచినప్పుడు వీడి మెడకీ. ఆ దారాన్నే కదా తీసుకెళ్ళి మిగతా వాటి పక్కన పెట్టింది. నిద్రలో కొలిచినప్పుడు వేలు పెట్టలేదు. ఎందుకు పెడుతుంది, అప్పుడు కొలిచింది గడ్డని. మొన్న కొలిచింది కొడుకుని.

వద్దు, ఆశపడకు. దారాలు మూడూ ఒళ్ళో పరిచింది, నల్లదాని చివర వేలెడంత మడిచి పట్టుకుంది. ఆకుపచ్చది దాటి పొడుచుకొచ్చింది. తెల్లదయితే ఇంకా. మడత విప్పి, మళ్ళీ మడిచింది. వారం రోజులు, ఒక వేలు కోసం, నిద్ర లేదు, తిండి లేదు, కోడలు మొహం చూడలేకపోయింది. కొలత అబద్ధం చెప్పదని ఊరందరికీ చెప్పుకున్న మనిషి, కొలిచిన వేలిని మర్చిపోయింది.

“నాన్నా, మెడ ఒకసారి…” అంది. వాడు దారాలకేసి చూశాడు, తెల్లది, ఆకుపచ్చది, నల్లది, తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. నిద్రలో కొలుస్తోందని వాడికి ముందే తెలుసేమో, కళ్ళు మూసుకుని ఊరుకున్నాడేమో, ఎవరు చెప్పగలరు. కణుపుతో ఒక్కసారి తట్టి, గడ్డం పైకెత్తాడు. ఆమె వేలిని పిడికిట్లో మడిచి దాచి, దారాన్ని వెనకనుంచి తెచ్చి ఎడమవైపు మీదుగా చుట్టింది. మొదటిసారి దారం ఆ దిబ్బ ఎక్కి దిగింది, జారకుండా పట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు దారానికి ఎక్కడానికి ఏమీ లేనట్టే ఉంది, కింద చిన్న గట్టిదనం, రేగ్గింజంత, ఉంది, లేదనడానికి లేదు. నల్లదారం కలిసి, దాటి, ఇంకా మిగిలింది. ఆమె ఆ మిగిలిన కొసని వదల్లేదు, కుర్చీ వెనక అలాగే వంగి నిలబడిపోయింది.

మందుల గది తలుపు తెరుచుకుంది. సిస్టరు ట్రే పట్టుకుని వస్తోంది, ట్రేలో చిన్న సంచీ. అదే చిన్న సంచీ, నీళ్ళలా తేటగా, అరగంటలో ఎక్కిపోయేది. వెనకాల ఇంకో ట్రేలో పెద్దది. ఆ వెనక కోడలు, చెప్పుల్లో కాళ్ళు సరిగా దూరకుండానే, దాదాపు పరుగున.

“అత్తయ్యా, తగ్గింది. సగం పైనే తగ్గిందట మెడలోది. పోలేదు, పోయిందని చెప్పొద్దన్నారు, కానీ తగ్గింది. ఇదే మందు సాగిద్దామన్నారు.”

“నాకు తెలుసు,” అంది ఆమె. కోడలు తెల్లబోయి చూసింది. మరుక్షణమే ఆమె మనసు ఇంకో గుమ్మం ఎక్కింది. “మరి ఊపిరితిత్తిలో చుక్క?”

“పెరగలేదు. అలాగే ఉంది.”

“అలాగే ఉందంటే ఉన్నట్టేగా. థైరాయిడు పరీక్ష చేశారా? ఈ మందు దాన్ని కూడా కొడుతుందన్నారు పోయినసారి.”

“చేశారు, బాగుంది. అత్తయ్యా, ముందు ఆ దారం వదలండి, ఆయన మెడ కోసుకుపోతుంది!”

సిస్టరు ఫక్కున నవ్వింది. ఆమె దారం వదిలి, సిగ్గుపడి, బాబిన్‌కి చుట్టుకుంటూ కుర్చీ అంచున కూర్చుంది. సెలైను తీసేసి చిన్న సంచీ తగిలించారు. మొదటి చుక్క గొట్టంలో వేలాడి, నీలిగి, జారింది. రెండోది. అది లోపలికెళ్ళి ఎక్కడో ఒక కాలు పట్టుకుని లాగుతుంది. ఆ తర్వాత పెద్దది వస్తుంది. చిన్నది లేపినవాళ్ళు ఇప్పటికి ఎంతమంది లేచారో, లేచినవాళ్ళు పెద్దదాని చేతికి చిక్కకుండా ఎలా తప్పుకుంటున్నారో, ఇన్నాళ్ళూ తప్పుకున్నారు సరే, ఇవాళ కూడా తప్పుకోవాలని ఎక్కడుంది. ఆమెకే తెలియకుండా పెదాలు కదిలాయి.

“అయినా… లోపల ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటే?”

కోడలు సిస్టరు మొహం చూసింది. సిస్టరు చేతిగడియారం చూసుకుంది. ఇక కణుపు రెండుసార్లు తడుతుంది, మూడుసార్లు తట్టినా తడుతుంది, ఆమె సంచీ భుజాన వేసుకుని లేవబోయింది కూడా. తట్టలేదు. కుర్చీలోంచి ఒక శబ్దం వచ్చింది, చలి ఉదయం పాత బండి తాళం తిప్పితే వచ్చే శబ్దం, గుర్రుమని ఆగిపోయింది. కోడలు నీళ్ళ సీసా అందుకుంది. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆగింది. మూడోసారికి అందుకుంది, గరుకుగా, సన్నగా, ఎవరిదో గొంతులా, ఆ మైదానంలో గడ్డి వాసనతో సహా వాడిదే అయిన గొంతులా.

“కాలు తియ్యమ్మా,” అన్నాడు. “నా పక్కా ఉంది బ్రేకు.”